పదిహేడో నంబరు నడక

"చేతికి కట్టుకునేది వద్దండీ కామేశ్వరి గారూ. అది పిండి కలిపినా అడుగులే అంటుంది, చపాతీ ఒత్తినా అడుగులే అంటుంది. సాయంత్రానికి ఎనిమిది వేలు చూపిస్తుంది, మీరేమో వంటింటి గడప దాటి ఉండరు."

వకుళ మాటలకి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఉదయం ఆరు గంటల వేళ, విశాఖ బీచ్ రోడ్డు. ఆ వేళలో బళ్లను రానివ్వరు కాబట్టి రోడ్డంతా నడిచేవాళ్లదే. కామేశ్వరి గారు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయిన మనిషి. అడుగులు లెక్కపెట్టుకోమని కొడుకు కొనిచ్చిన మెరిసే పట్టీని మణికట్టు నుంచి విప్పి, కొంచెం సిగ్గుపడుతూ చేతిసంచిలో వేసుకున్నారు.

వకుళ ఆవిడ చేతిలో అగ్గిపెట్టెంత బూడిదరంగు పెట్టెని పెట్టింది. వెనక క్లిప్పు ఉంది. "దీన్ని నడుముకి పెట్టుకోండి. మోకాలికి సరిగ్గా పైన రావాలి. వంకరగా వేలాడితే సగం అడుగులు మింగేస్తుంది. ఆ, ఇప్పుడు సున్నా చేసి, వంద అడుగులు నోటితో లెక్కపెడుతూ నడవండి. పరుగు వద్దు, రోజూ బజారుకి వెళ్లినట్టే."

కామేశ్వరి గారు సబ్‌మెరైన్ మ్యూజియం వైపు నడిచి ఆగారు. పెట్టె చూసుకున్నారు. "తొంభై తొమ్మిదమ్మా!"

"రెండు మూడు అటూ ఇటూ అయితే పర్వాలేదు. పది తేడా వస్తే ఆ యంత్రాన్ని నమ్మకండి, ఎంత అందంగా ఉన్నా సరే. ఈ వారమంతా మామూలుగా తిరగండి, ఎన్ని అడుగులు వస్తున్నాయో రాసుకోండి. వచ్చే వారం దానికి అయిదు వందలు కలపండి. మొదటి రోజే పదివేలని బయల్దేరి, రెండో రోజు మంచమెక్కినవాళ్లని చాలామందిని చూశాను."

అమ్మాయిల ఉన్నత పాఠశాలలో ఇరవై ఆరేళ్లుగా డ్రిల్లు టీచరు వకుళ. ఆమె మాట అంటే ఎదుటివాళ్ల కాళ్లు వాటంతటవే కదిలేవి. ఆ బూడిదరంగు పెట్టె ఆమె చెల్లెలు భ్రమరాంబ చేసినది. దాన్ని మూడేళ్లపాటు నడుముకి పెట్టుకుని తిరగడానికి రెండు వందల పన్నెండు మంది కావాలి అంటే, వాళ్లలో సగానికి పైగా మనుషుల్ని పోగుచేసింది వకుళే. పాలకేంద్రం దగ్గర, స్కూలు గేటు దగ్గర, ఈ బీచ్ రోడ్డు మీద ఒక్కొక్కరినీ నిలబెట్టి చెప్పింది. "మా చెల్లి చేసిందండీ. మన ఊళ్లోనే, మన నడక మీదే."

తాను కూడా పెట్టుకుంది. ఆమెకి వచ్చిన నంబరు ఎంతో ఆమెకి తెలియదు. ఎవరి నంబరూ ఎవరికీ తెలియకూడదన్నది ఆ పరిశోధన నియమం.

అప్పటికి మందగతి అన్న జబ్బు పేరు ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. డాక్టర్లు దానికి నోరు తిరగని పేరు పెట్టుకున్నారు గానీ, జనం మాత్రం మందగతి అనే అన్నారు. మెదడు పంపిన ఆజ్ఞ కాలికి ఆలస్యంగా చేరుతుంది. మొదట బొటనవేలు నేలకి తగులుతుంది. తర్వాత లేవాలనుకున్న కాలు లేవదు. ఏడెనిమిదేళ్లలో మనిషి కుర్చీకి అంటుకుపోతాడు. దానికి మందు లేకపోలేదు. వెన్నులోకి నెలకొకటి చొప్పున ఆరు సూదులు వేస్తే జబ్బు అక్కడే నిలిచిపోతుంది. కాకపోతే, కాలు తడబడక ముందే వెయ్యాలి. తడబడ్డాక వేస్తే నీళ్లు ఎక్కించినట్టే. తడబడక ముందు ఎవరికి వచ్చిందో చెప్పే పరీక్ష లోకంలో లేదు.

ఆ పరీక్షే భ్రమర చేసిన పెట్టె. ఒకసారి అన్నం తింటూ అక్కకి అర్థమయ్యేలా చెప్పింది. స్టీలు గిన్నె మీద చెంచాతో టక్, టక్, టక్ అని కొట్టి, "సమానంగా కొడుతున్నానా?" అని అడిగింది.

"సమానమే."

"నీ చెవికి. ఆ పెట్టెకి కాదు. రెండు అడుగుల మధ్య జుట్టు మందం తేడా వచ్చినా అది పట్టుకుంటుందక్కా. బాగున్నవాళ్ల నడకలో ఆ తేడా ఎటు పడితే అటు ఉంటుంది. మందగతి రాబోయేవాళ్లలో ఆ తేడాకి ఒక వరస ఏర్పడుతుంది. రెండేళ్లు, మూడేళ్లు ముందే."

"అడుగులు లెక్కపెట్టే దానితోనా?" అంది వకుళ, మరిది పెళ్లి కబురు విన్నంత సంబరంగా.

"అడుగులు ఎవరైనా లెక్కపెడతారు. నేను మధ్యనున్న ఖాళీని లెక్కపెడుతున్నాను."

వకుళ భర్త సన్యాసిరావు పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడు. మాటలు తక్కువ మనిషి. "ఏటో గానీ, మరదలు పిల్ల గొప్ప పనే చేస్తంది," అని మజ్జిగ పోసుకున్నాడు.

తల్లి పోయేనాటికి భ్రమరకి ఆరేళ్లు, వకుళకి పదిహేను. తండ్రి సరుకుల లారీ మీద తిరిగేవాడు. చెల్లికి జడ వెయ్యడం దగ్గర్నుంచి ఇంజనీరింగ్ సీటుకి కౌన్సెలింగుకి తీసుకెళ్లడం దాకా అంతా వకుళే. పరుగు పందెంలో వకుళ రాష్ట్ర శిబిరానికి ఎంపికయిన ఏడాది భ్రమరకి టైఫాయిడ్ వచ్చింది. ఆమె శిబిరానికి వెళ్లలేదు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు, భ్రమర ఎప్పుడూ మరిచిపోలేదు. పెళ్లి వద్దనుకుని చెల్లెలు అక్క ఇంటి మేడమీదే ఉండిపోయింది. ఎంవీపీ కాలనీలో ఆ ఇల్లు. పై గదిలో పడక, కింద గదిలో భోజనం.

పరిశోధన మొదలయిన ఎనిమిదో నెలలో, ఒక ఆదివారం భ్రమర వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చి స్నానాల గదిలో గోడకి స్టీలు కడ్డీ బిగించింది. మెట్ల పక్కన ఇంకొకటి.

"ఇవెందుకే?" అంది వకుళ.

"బావ మోకాళ్ల కోసం," అంది భ్రమర. చెల్లెలికి ఇంటి మీద ఇంత శ్రద్ధ ఉన్నందుకు వకుళ ఆ రోజు గుత్తివంకాయ కూర చేసింది.

రెండో ఏడాది ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లింది వకుళ. కొండ చుట్టూ ముప్ఫై రెండు కిలోమీటర్లు. పెళ్లయిన దగ్గర్నుంచి ఒక్క ఏడూ మానలేదు, సగంలో ఆగలేదు. ఆ ఏడు ఇసుకతోట దాకా వచ్చేసరికి ఎడమ కాలు బరువెక్కింది. బొటనవేలు రెండుసార్లు తారుకి తగిలింది. ఎవరో వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి నడుముకున్న పెట్టె చూసుకుంది. ఇరవై మూడు వేల నాలుగు వందల పద్దెనిమిది. దేవుడికి బాకీ పడ్డ లెక్క అది అనుకుంది. ఆ అంకె అలా మనసులో ముద్ర పడిపోయింది. ఆటోలో ఇంటికొచ్చి ఎవరితోనూ అనలేదు, చెల్లెలితో తప్ప.

భ్రమర ఆమె పాదాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నొక్కింది. తల ఎత్తకుండానే అంది. "బూట్లు అరిగిపోయాయక్కా. మార్చుకో." మర్నాడు తనే వెళ్లి కొత్త బూట్లు తెచ్చింది.

మూడో ఏడాది, పంద్రాగస్టు కవాతు రోజున జరిగింది అసలు సంగతి. స్కూలు మైదానంలో పిల్లలు వరసల్లో నిలబడ్డారు. వకుళ ముందు నిలబడి, కవాతు మొదలుపెట్టమని "ఆగే బఢ్" అంది. పిల్లలందరి కాళ్లూ లేచాయి, ఆమె ఎడమ కాలు లేవలేదు. లేపుదామనుకుంది, మళ్లీ అనుకుంది. ఆ కాలు తనది కానట్టు నేలమీదే ఉండిపోయింది. వెనకనున్న వరస వచ్చి ఆమెకి తగిలి, చెదిరిపోయింది. హెడ్ మిస్ట్రెస్ పరుగెత్తుకొచ్చేసరికి కాలు కదిలింది గానీ, వకుళ ముఖంలో రక్తం లేదు.

డాక్టరు కూర్చోబెట్టాడు, నడిపించాడు, మోకాలి మీద తట్టాడు. "మందగతి," అన్నాడు. "సూదులు వెయ్యొచ్చు గానీ, మేడమ్, మిమ్మల్ని మభ్యపెట్టలేను. ఒక రెండేళ్ల ముందు వచ్చి ఉంటే బాగుండేది."

"రెండేళ్ల ముందు నాకేం తెలుసండీ?" అంది వకుళ.

"అదే ఈ జబ్బుతో బాధ. ఎవరికీ తెలియదు."

ఇంటికొచ్చాక భ్రమర అక్కని పట్టుకుని ఏడ్చింది. చిన్నప్పుడు టైఫాయిడ్ జ్వరంలో ఏడ్చినట్టు, వెక్కిళ్లు పెట్టి ఏడ్చింది. ఆమె వీపు నిమురుతూ వకుళే ఓదార్చింది. "ఊరుకోవే. నీ యంత్రం పూర్తయితే రేపు ఎవరికీ ఇలా ఆలస్యం కాదు. నా వంతు నేను నడిచిపెట్టాను కదా."

అక్టోబరులో ఒక పెద్ద సభ పెట్టారు. డాక్టర్లు, మందుల అనుమతులు ఇచ్చే అధికారులు, పత్రికలవాళ్లు వచ్చారు. నడిచినవాళ్లని కూడా పిలిచారు. వకుళ, సన్యాసిరావు, కామేశ్వరి గారు ఒకే వరసలో కూర్చున్నారు. వేదిక మీద భ్రమర ముదురు ఆకుపచ్చ చీరలో, కళ్లజోడు సర్దుకుంటూ మాట్లాడుతుంటే వకుళకి గుండె నిండిపోయింది.

"మా పరికరం జోస్యం చెప్పగలదని రుజువేమిటని అడిగారు," అంది భ్రమర. తెరమీద ఒక గీత వచ్చింది. "పదిహేడో నంబరు వ్యక్తి. పరిశోధన మొదలయిన ఏడో నెలలోనే మా పరికరం ఈమెకి మందగతి వస్తుందని చెప్పింది. ఆ రోజుకి ఈమెకి ఏ లక్షణమూ లేదు. రెండేళ్ల రెండు నెలల తర్వాత, ఈ మధ్యే, డాక్టర్లు జబ్బుని నిర్ధారించారు. మధ్యలో ఏ చికిత్సా జరగలేదు కాబట్టి, జబ్బు తన దారిన తాను నడిచిన తీరు ఈ గీతలో మొదటిసారిగా పూర్తిగా దొరికింది."

హాలంతా చప్పట్లు. వకుళ కూడా చప్పట్లు కొట్టింది. పాపం, ఎవరో నాలాంటిదే అనుకుంది.

భ్రమర చేతిలోని ఎర్రటి వెలుగు గీత మీద పాకుతూ ఒకచోట ఆగింది. "ఇక్కడ చూడండి. రెండో ఏడాది ఆషాఢంలో ఒకేరోజు ఈమె చాలా దూరం నడిచింది. ఇరవై మూడు వేల నాలుగు వందల పద్దెనిమిదో అడుగు దగ్గర ఆగిపోయింది. ఆ చివరి రెండు వేల అడుగుల్లో మందగతి పూర్తిగా బయటపడింది."

మళ్లీ చప్పట్లు మోగాయి. ఈసారి వకుళ చేతులు కలవలేదు.

ఒక అంకెలో ముఖం కనపడదని భ్రమర అనుకుని ఉంటుంది. నిజమే, ఆ హాల్లో మూడు వందల మందికి అది అంకె మాత్రమే. ఒక్క మనిషికి మాత్రం అందులో ఇసుకతోట, ప్లాస్టిక్ కుర్చీ, తారుకి తగిలిన బొటనవేలు అన్నీ కనిపించాయి.

"ఏటయింది?" అన్నాడు సన్యాసిరావు.

"ఇంటికెళ్దాం," అంది వకుళ. లేచి నిలబడటానికి ఆమెకి చాలాసేపు పట్టింది. చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున పది గంటలకి చినవాల్తేరులో చెల్లెలి ప్రయోగశాలకి ఆటోలో ఒక్కతే వెళ్లింది. గదిలో పూలగుత్తులు బల్లల మీద కుప్పలుగా పడి ఉన్నాయి. భ్రమర ఎదురొచ్చింది. "అక్కా! నిన్న చెప్పకుండా వెళ్లిపోయావే? బావకి ఒంట్లో బాగోలేదా?"

వకుళ కుర్చీ లాక్కుని కూర్చుంది. "పదిహేడో నంబరు నేనే కదా?"

భ్రమర నవ్వబోయింది. "నంబర్లు ఎవరివో ఎవరికీ తెలియవక్కా. అది నియమం. పేర్లు వేరే తాళంలో ఉంటాయి, చివరిదాకా..."

"స్నానాల గదిలో కడ్డీ ఎవరి కోసం బిగించావు?"

"బావ మోకాళ్ల..."

"మీ బావ మోకాళ్లకి ఏమయిందే? మొన్న కూడా కొబ్బరిచెట్టెక్కి బొండాలు దింపాడు."

భ్రమర కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. కళ్లజోడు లేని ఆ ముఖం ఆరేళ్ల పిల్లదిలా ఉంది. వకుళ చూపు తిప్పుకుంది.

"ఏడో నెలలో పన్నెండు నంబర్లకి ఎర్రదీపం వెలిగింది," అంది భ్రమర చివరికి. "అందులో పదిహేడుది చూడగానే అనుమానం వచ్చింది. రోజూ పొద్దున్న ఆరు నుంచి ఏడున్నర, తర్వాత స్కూలు మైదానంలో చిన్న చిన్న పరుగులు. నీ నడక నాకు తెలియదా అక్కా? మేడమీద పడుకుని, నువ్వు పాల గిన్నె కోసం వెళ్తున్నావో చీపురు కోసం వెళ్తున్నావో అడుగుల్ని బట్టి చెప్పేదాన్ని. ఉండబట్టలేక తాళం తీసి పేరు చూశాను. నీదొక్కటే చూశాను. ఒట్టు."

"చూశాక?"

"ఏడ్చాను."

"ఏడ్చాక?"

"పనిలోకి వెళ్లాను."

వీధిలో ఎవరో కొబ్బరి చీపుర్లు అమ్ముకుంటూ అరుచుకుంటూ పోతున్నారు.

"ఆ రోజు నాకు కాలు బాగానే ఉంది," అంది వకుళ. "ఆరు సూదులు. ఆరు నెలలు. చెప్పి ఉంటే సరిపోయేది."

"చెబితే నువ్వు సూదులు వేయించుకుంటావు. వేయించుకుంటే జబ్బు రాదు. జబ్బు రాకపోతే, అసలు వచ్చేదే కాదు, నీ పెట్టె తప్పు చెప్పిందంటారు. అర్థం చేసుకో అక్కా. ఆపేసిన జబ్బుని ఎవరికీ చూపించలేను. ఒక్కరికైనా వచ్చి తీరాలి. ఎవరో ఒకరు చివరిదాకా నడవాలి. ఆ ఒక్కరు లేకపోతే ఈ పెట్టెకి అనుమతి రాదు, వేలమంది..."

"ఆ ఒక్కరు నేనయితే ఫరవాలేదనుకున్నావు."

"అలా కాదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ప్రతి నెలా గీత ఇంకొంచెం చక్కగా..." భ్రమర ఆ మాట దగ్గర ఆగిపోయింది. ఏ మాట నోరు దాటిందో ఆమెకి అప్పుడు వినబడింది.

"చక్కగా," అంది వకుళ.

ఆమెకి కోపం రావలసినంతగా రాలేదు. తన పాదాన్ని ఒళ్లో పెట్టుకుని నొక్కిన చేతులు గుర్తొచ్చాయి. బూట్లు గుర్తొచ్చాయి. ఆ నొక్కుడు ప్రేమతోనా, పరీక్షకా? రెండూనేమో. రెండూ అయితే దాన్ని ఏమనాలో వకుళకి తెలియలేదు.

"పన్నెండు దీపాలన్నావు. నేను పోగా పదకొండు. వాళ్లకి కాళ్లు తడబడ్డాయా?"

"ఇంకా లేదు."

"అయితే చెప్పు వాళ్లకి. ఇవాళే."

"చెప్పలేనక్కా. ఒక్కరి గీత చాలదన్నారు. కనీసం ముగ్గురు కావాలట. ఇంకో పద్దెనిమిది నెలలు ఆగితే..."

వకుళ లేచింది. ఎడమ కాలు ఒక క్షణం మొరాయించింది. భ్రమర చెయ్యి అందించబోయింది.

"ముట్టుకోకు," అంది వకుళ.

ఇంటికి వెళ్లి, సన్యాసిరావుకి జరిగిందంతా చెప్పింది. అతను లేచి పెరట్లోంచి స్పానరు తెచ్చి, గోడకున్న రెండు కడ్డీలూ ఊడదీశాడు. "నానున్నాను కదా పట్టుకోడానికి," అన్నాడు. ఆ రోజు మొదటిసారి వకుళ ఏడ్చింది.

చెల్లెలు చేసిన పని కంటే ఇంకొకటి ఎక్కువగా బాధపెట్టింది ఆమెని. ఆ పెట్టెని మనుషుల నడుముకి పెట్టింది తన చేతులు. కామేశ్వరి గారికి క్లిప్పు సర్దింది తను. వంద అడుగులు నడిపించి, దీన్ని నమ్మొచ్చని చెప్పింది తను. అది అబద్ధం కూడా కాదు. యంత్రం నిజమే చెప్పింది. చెప్పనిది మనిషి.

మూడో రోజు ఉదయం బీచ్ రోడ్డు మీద పెట్టె పెట్టుకుని నడిచేవాళ్లందర్నీ ఇసుకలో కూర్చోబెట్టింది. ఎనభై ఆరుమంది వచ్చారు. సన్యాసిరావు పక్కన నిలబడి మోచెయ్యి పట్టుకున్నాడు. దాచకుండా చెప్పింది. తన నంబరు, తన జబ్బు, తన చెల్లెలు, రెండేళ్ల మౌనం, మిగిలిన పదకొండు దీపాలు.

అప్పలస్వామి అనే రిటైరయిన పోస్ట్ మాస్టరు ముందుగా లేచాడు. "అంటే నాకుందో లేదో వాళ్లకి తెలుసు, నాకు తెలీదు. అంతేనా టీచరమ్మా?"

"అంతే."

"మీకు ముందే తెలీదని మేమెలా నమ్మాలి? మీ చెల్లెలు కదా!"

అప్పలస్వామి అన్నది న్యాయమైన మాటే. కామేశ్వరి గారు తన నడుముకున్న పెట్టెని విప్పి ఇసుకలో పెట్టారు. "మీరు చెప్పారనే కట్టుకున్నానమ్మా," అన్నారు. తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

"అవును, నేను చెప్పాననే. అందుకే మళ్లీ నేనే చెబుతున్నాను," అంది వకుళ. "మనం సంతకం పెట్టిన కాగితంలో ఏడో షరతు ఉంది. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, తప్పుకుంటే మన వివరాలు మనకి ఇవ్వాలి. ఇవాళే తప్పుకుందాం. నాతో రండి. నా మీద నమ్మకం లేకపోతే నా వెనక రాకండి, నా ముందు నడవండి. నేను ఎలాగూ మీ అంత వేగంగా రాలేను."

ఎనభై ఆరుమందీ చినవాల్తేరు దాకా నడిచారు. వకుళ అందరికంటే వెనక వచ్చింది.

ప్రయోగశాల తలుపు దగ్గర భ్రమర నిలబడి ఉంది. తప్పుకుంటున్నట్టు రాసిన కాగితంతో ముందు వచ్చిన అప్పలస్వామిని చూసింది, వెనక వరసని చూసింది, చిట్టచివర బావ చెయ్యి పట్టుకుని వస్తున్న అక్కని చూసింది. తలుపు వేసేస్తుందనుకున్నారు. ఆమె పక్కకి తప్పుకుంది. సాయంత్రందాకా కూర్చుని, ఒక్కొక్కరి నంబరూ తీసి, ఒక్కొక్కరికీ తనే చెప్పింది. ఆ రోజుకి ఎర్రదీపం వెలిగినవాళ్లు ఆరుగురు తేలారు. మిగిలిన అయిదుగురూ వేరే పేటలవాళ్లు, వారంలో వాళ్లకీ కబురు వెళ్లింది. కామేశ్వరి గారు ఆరుగురిలో ఒకరు. పేరు వినగానే ఆవిడ గోడకి ఆనుకుని, "నాకేం లేదే, నిన్న ఎనిమిది వేలు నడిచాను," అన్నారు.

"అందుకే, మీకు సూదులు పనిచేస్తాయండీ," అంది భ్రమర.

పరిశోధన రద్దయింది. భ్రమర ఉద్యోగమూ పోయింది. ఆమె మేడ ఖాళీ చేసి మధురవాడలో చిన్న ఇంట్లోకి మారింది. పదకొండుమందికీ సూదులు పడ్డాయి. వాళ్లలో ఎవరి కాలూ తడబడలేదు. తడబడదు కాబట్టి, వాళ్లు దేనికీ రుజువు కారు. అధికారుల దగ్గర రుజువంటూ మిగిలింది పదిహేడో నంబరు గీత ఒక్కటే.

మరుసటి వేసవిలో ఆ అధికారులు వకుళ ఇంటికి వచ్చారు. ఇంకో ఊళ్లోని పరిశోధకులు ఆ పెట్టెని ముందుకి తీసుకెళ్తామంటున్నారనీ, ఆమె గీతని వాడుకోవడానికి అనుమతి కావాలనీ, కాదంటే చెరిపేస్తామనీ అన్నారు. వకుళ ఒక పూటంతా ఆలోచించింది. చెరిపేయమనాలని నోటిదాకా వచ్చింది. చెరిపేస్తే తన రెండేళ్లూ ఎవరికీ పనికిరాకుండా పోతాయి, చెల్లెలు దాచిన సంగతి కూడా ఎక్కడా మిగలదు. చివరికి సంతకం పెట్టింది. పెట్టేముందు రెండు షరతులు రాయించింది. నంబరు బదులు తన పేరు వెయ్యాలి. పరికరం చెప్పిన తేదీ పక్కన, ఆ సంగతి తనకి తెలిసిన తేదీ కూడా వెయ్యాలి.

ఆ రెండు తేదీలతోనే అది అచ్చయింది. ఇంకెవరినీ అలా చివరిదాకా నడవనివ్వకూడదని, ముగ్గురు కావాలన్న పట్టు అధికారులు వదిలేశారు. ఆ తర్వాతి ఏడాది పెట్టెకి అనుమతి వచ్చింది.

భ్రమర ప్రతి ఆదివారం పదింటికి వస్తుంది. వకుళ రావద్దనలేదు. ముందుగదిలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంటుంది. తమ్ముడు వరసయ్యేవాళ్ల పెళ్లిళ్లు, కూరల ధరలు, ఎండ, ఏదో ఒకటి మాట్లాడుకుంటారు. తినమంటే భ్రమర తింటుంది. ఒక్కటే జరగదు. చెల్లెలు ఇంట్లో ఉన్నంతసేపూ వకుళ కుర్చీలోంచి లేవదు. ఫోను మోగినా లేవదు, దాహమేసినా లేవదు. మొదటి రెండు నెలలూ భ్రమరకి అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె ఎక్కువసేపు ఉండటం మానేసింది.

ఒక ఆదివారం సన్యాసిరావు రైతుబజారుకి వెళ్లాడు. భ్రమర సంచిలోంచి సపోటాలు తీసి బల్లమీద పెట్టింది. "అక్కా, ఒక్కసారి," అంది. "ఆ తలుపు దాకా నడువు. కొలవడానికి కాదు. నువ్వెలా ఉన్నావో చూడాలని. అంతే."

వంటింట్లో స్టవ్ మీద పాలున్నాయి. పొంగే చప్పుడు ఇద్దరికీ వినబడింది. వకుళ రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టుకుని కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది. పాలు పొంగి స్టవ్ మీద పడి చురచురమన్నాయి. మాడు వాసన ముందుగదిలోకి వచ్చింది.

"పాలు పొంగుతున్నాయి," అంది వకుళ. "వెళ్లేటప్పుడు స్టవ్ కట్టేసి వెళ్లు."

భ్రమర వంటింట్లోకి వెళ్లి స్టవ్ కట్టేసింది. గుడ్డతో గట్టు తుడిచిన చప్పుడయింది, కుళాయి విప్పిన చప్పుడయింది. ఆమె బయటికి వచ్చి చెప్పులు వేసుకుని, ఇంకేమీ అడగకుండా గేటు తీసుకుని వెళ్లిపోయింది.

వీధి మలుపు తిరిగేదాకా వకుళ ఆమె నడకని చూసింది. మలుపు తిరిగాక, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని లేచి నిలబడింది.